పర్యటన ముగిసినది – ప్రశ్నలు మిగిలినవి



పార్లమెంటు సమావేశాలు ముగిసిన మరునాటి నుండి మన పల్లెలలో కార్ల దుమ్ము లేస్తుంది. ఆరు నెలలుగా కనిపించని ప్రజాప్రతినిధి ఒక్క రోజులో పది గ్రామాలు చుట్టివస్తాడు. మరునాడు పత్రికలలో ఫోటో పడుతుంది: మెడలో దండ, చేతిలో అర్జీల కట్ట, వెనుక నవ్వుతున్న అనుచరులు. “నిరంతరం ప్రజల మధ్యనే” అని దాని క్రింద వ్రాస్తారు.

ఈ పర్యటనలను గురించి రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనము మాట్లాడవలసిన అవసరం ఉన్నది. ఎందుకంటే ఆ రోజున ఆ నాయకుడు ప్రారంభించేవి, వాగ్దానం చేసేవి, తన ఘనతగా చెప్పుకొనేవి చాలావరకు మన చెమటతో నడిచే సేవలే. అతడు స్వీకరించే అర్జీలలో సగం మన శాఖల వలన పరిష్కారం కావలసినవే. ఆ శాఖలను ఢిల్లీలో ఏ విధంగా కుదిస్తున్నారో అతడు ఆ వేదిక మీద చెప్పడు. అక్కడ చెప్పని దానిని ఇక్కడ చెప్పుట మా బాధ్యతగా భావిస్తున్నాము.

ఒక దినచర్య

ఏ రాష్ట్రమైనా, ఏ పార్టీ అయినా, గ్రామీణ నియోజకవర్గంలో పార్లమెంటు సభ్యుని పర్యటన కార్యక్రమం దాదాపు ఒకే నమూనాలో ఉంటుంది. ఉదయం రైలు దిగుట. అదే స్టేషనులో ఒక ఎక్స్‌ప్రెస్ బండికి మంజూరైన హాల్టు సందర్భంగా పచ్చజెండా ఊపుట. పది గంటలకు అధికారులతో సమీక్షా సమావేశం. మధ్యాహ్నం ఇటీవల మరణించిన ఒక పెద్దమనిషి కుటుంబానికి పరామర్శ. పార్టీ ముఖ్యుని ఇంట భోజనం. మూడు గంటలకు సిమెంటు రోడ్డుకు శంకుస్థాపన. నాలుగు గంటలకు అర్జీల స్వీకరణ. సాయంత్రం బహిరంగ సభ. రాత్రికి తిరుగు ప్రయాణం. ఊరి పేర్లు మార్చండి, జెండా రంగు మార్చండి. ఈ వరుస మాత్రం మారదు.

ఈ కార్యక్రమ పత్రంలో కనిపించనివారు కొందరున్నారు. నాయకుడు దిగిన రైలు క్షేమంగా రావడానికి తెల్లవారుజామున పట్టాల వెంట నడిచి ప్రతి ఫిష్‌ప్లేటును, ప్రతి కీని చూచుకొన్న కీమన్ ఉన్నాడు. రాత్రంతా మేలుకొని సిగ్నలు ఇచ్చిన స్టేషను మాష్టరు ఉన్నాడు. కార్ల వరుసకు గేటు తీయుటకు ముందు ఎదురుగా వస్తున్న గూడ్సు బండిని తలచుకొని ప్రాణాలు అరచేతిలో పెట్టుకొన్న గేట్‌మన్ ఉన్నాడు. ఆ ఊరి వృద్ధులకు నెల నెలా పింఛను డబ్బు, పొదుపు ఖాతా సొమ్ము ఇంటి ముంగిట లెక్కబెట్టి ఇచ్చే బ్రాంచి పోస్టుమాష్టరు ఉన్నాడు. వేదిక మీద వీరెవ్వరికీ కుర్చీ ఉండదు. కుర్చీ కావాలని మేము అడుగుటలేదు. వీరి శ్రమ మీద తీసుకొన్న నిర్ణయాలకు జవాబు కావాలని అడుగుతున్నాము.

పచ్చజెండా వెనుక

మొదట ఆ హాల్టు సంగతి చూతము.

2020లో కోవిడ్ పేరిట దేశమంతటా పాసింజరు బళ్ళను నిలిపివేశారు. తిరిగి బళ్ళు నడుపునప్పుడు అనేక చిన్న స్టేషన్ల వద్ద పాత హాల్టులు తిరిగి రాలేదు. పాసింజరు బళ్ళను ఎక్స్‌ప్రెస్ స్పెషలు బళ్ళుగా పేరు మార్చి కనీస టిక్కెట్టు 10 రూపాయలను 30 రూపాయలు చేశారు. బండి అదే, పెట్టె అదే, వేగం అదే. చార్జీ మాత్రం మూడు రెట్లు. రోజూ పట్టణానికి పోయి కూలి చేసుకొని వచ్చే మనిషి మీద, పాలు, కూరగాయలు తట్టలో పెట్టుకొని వచ్చే ఆడకూతురి మీద ఈ భారం పడినది. లోక్‌సభ ఎన్నికలు సమీపించిన 2024 ఫిబ్రవరిలో పాత చార్జీలను తిరిగి తెచ్చారు. నాలుగేళ్ళుగా వసూలు చేసిన అదనపు సొమ్మును గురించి ఎవరూ పెదవి విప్పలేదు.

వయోవృద్ధులకు టిక్కెట్టులో ఉన్న రాయితీ కూడ 2020 మార్చిలోనే పోయినది. 60 ఏళ్ళు దాటిన పురుషులకు 40 శాతం, 58 ఏళ్ళు దాటిన స్త్రీలకు 50 శాతం తగ్గింపు ఉండెడిది. కోవిడ్ వెళ్ళిపోయినది, రాయితీ రాలేదు.

ఇప్పుడు చూడండి: హాల్టును తీసివేయునప్పుడు సభ లేదు, మైకు లేదు, జెండా లేదు. ఒక కాగితం మీద సర్క్యులరు వచ్చినది, బండి ఆగకుండా పోయినది. అదే హాల్టును తిరిగి ఇచ్చునప్పుడు మాత్రం షామియానా వేశారు, బ్యాండు వాయించారు, ప్రతినిధిగారి “అవిరామ కృషి”ని పొగిడారు. అందులోను చాలా హాల్టులు “ప్రయోగాత్మక ప్రాతిపదిక”న, ఆరు నెలల గడువుతో ఇచ్చినవే. మన జేబులోని రూపాయి తీసుకొని పావలా తిరిగి ఇచ్చినవానికి దండ వేయమని అడుగుతున్నారు!

ఆ పచ్చజెండా ఊపిన చేయి మరొక లెక్కను కూడ చూపవలసి ఉన్నది. రైల్వేలో గ్రూపు సి ఉద్యోగాలలో సుమారు రెండున్నర లక్షల ఖాళీలున్నవని 2023 ఆగస్టులో ప్రభుత్వమే రాజ్యసభకు తెలిపినది. ఖాళీ అనగా గణాంక పట్టికలోని ఒక సున్న కాదు. ఇద్దరు నడవవలసిన పెట్రోలింగు బీటులో ఒక్కడే నడుచుట ఖాళీ. వారపు విశ్రాంతి రద్దయి స్టేషను మాష్టరు మరల డ్యూటీకి కూర్చొనుట ఖాళీ. పది గంటలు దాటినా లోకో పైలట్ ఇంజనులోనే ఉండుట ఖాళీ. 1973లో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసి 10 గంటల డ్యూటీ పరిమితిని ప్రభుత్వం చేత ఒప్పించారు. అయిదు దశాబ్దాలు గడచినను ఆ పరిమితి అమలు కొరకు రన్నింగు సిబ్బంది నేటికీ పోరాడవలసి వస్తున్నది. కొత్త హాల్టుకు జెండా ఊపిన ప్రతినిధి ఆ బండిని నడిపేవాడు ఎన్ని గంటల నుండి నిద్ర లేకుండా ఉన్నాడో ఎన్నడైనా అడిగినాడా?

మెదకు చెప్పే పాఠము

“మా నాయకుడు పెద్దవాడు. ఆయన తలచుకొంటే పని అయిపోతుంది” అని అమాయకంగా నమ్మే సోదరులున్నారు. వారికి మేము మెదకును చూపిస్తున్నాము.

1980 జనవరి ఎన్నికలలో శ్రీమతి ఇందిరాగాంధీ రాయబరేలీ నుండి, మన మెదకు నుండి పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. రాయబరేలీ వదలుకొని మెదకును ఉంచుకొన్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురి అయ్యేవరకు మెదకు ప్రతినిధిగా, దేశ ప్రధానిగా ఉన్నారు. నియోజకవర్గానికి ఏమీ జరగలేదని మేము అనుటలేదు. ఎద్దుమైలారం వద్ద ఆయుధ కర్మాగారం 1984లో పుట్టినది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినది. కాని మెదకు పట్టణానికి రైలు రాలేదు. సికిందరాబాదు – నిజామాబాదు మార్గంలోని అక్కన్నపేట స్టేషను అక్కడికి 17 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ఆ 17 కిలోమీటర్ల మార్గం 2012–13లో మంజూరైనది, అదియును సగం ఖర్చును రాష్ట్రం భరించవలెనన్న షరతుతో. మొదటి పాసింజరు బండి నడచినది 2022 సెప్టెంబరు 23న. అనగా దేశంలోకెల్ల అధికారం గల ప్రతినిధిని ఎన్నుకొన్న 42 సంవత్సరాల తరువాత! పాత మెదకు జిల్లాకు కేంద్రంగా ఉండిన సంగారెడ్డి పట్టణానికి నేటికీ రైలు లేదు.

కోనసీమ సంగతి కూడ ఇంతే. అమలాపురం నుండి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ సభాపతి స్థానంలో ఉన్న కాలంలో, 2000–01లో, కోటిపల్లి – నరసాపురం రైలు మార్గం మంజూరైనది. సుమారు 57 కిలోమీటర్లు. పాతికేళ్ళు గడచినను ఆ మార్గం మీద కోనసీమను దాటి ఒక్క బండి కూడ నడవలేదు. ఈ పాతికేళ్ళలో అమలాపురానికి ఎందరు ప్రతినిధులు మారారు? ఎన్ని పర్యటనలు జరిగినవి? ప్రతి పర్యటనలోను ఆ రైలు మాటయే ప్రధాన వాగ్దానం కాలేదా?

ఈ రెండు ఉదాహరణలను ఆ నాయకుల స్మృతికి మచ్చ తెచ్చుటకు మేము చెప్పలేదు. పట్టాలు వ్యక్తుల ప్రాభవం మీద పడవని చెప్పుటకు చెప్పినాము. పట్టాలు పడేది కేటాయింపుల మీద, ఆ కేటాయింపులను ఏటేటా సభలో నిలదీసే పట్టుదల మీద, ప్రజల సంఘటిత ఒత్తిడి మీద. ప్రధానమంత్రి నియోజకవర్గానికే 17 కిలోమీటర్లు 42 ఏళ్ళు పట్టినప్పుడు, నేడు మన మండలానికి వచ్చి “ఢిల్లీలో మాట్లాడతాను” అని చెప్పి పోయే సభ్యుని మాటకు వెల ఎంత?

ఇంటి అరుగు మీది ప్రభుత్వము

పర్యటనలో రెండవ మజిలీ సాధారణంగా తపాలా పొదుపు ఖాతాల మేళా. ఆడపిల్లల పేర ఖాతాలు తెరిపించి, పాసుపుస్తకాలను నాయకుని చేతి మీదుగా పంచుతారు. ఆ ఖాతాలు తెరిపించుటకు పక్షం రోజులుగా ఇల్లిల్లూ తిరిగినవాడు గ్రామీణ డాక్ సేవక్. ఫోటోలో అతడు అంచున ఉంటాడు, లేదా ఉండనే ఉండడు.

మన దేశంలో సుమారు 1,65,000 తపాలా కార్యాలయాలున్నవి. వాటిలో సుమారు 90 శాతం గ్రామాలలోనివే. వీటిని నడుపుతున్నది సుమారు రెండున్నర లక్షల మంది గ్రామీణ డాక్ సేవకులు. బ్రాంచి ఆఫీసుకు గదిని సమకూర్చవలసిన బాధ్యత కూడ బ్రాంచి పోస్టుమాష్టరుదే. ప్రభుత్వ కార్యాలయాన్ని తన ఇంటి అరుగు మీద నడుపుమని మరి ఏ శాఖ తన ఉద్యోగిని అడుగుతున్నది?

వీరిని పూర్వం ఇ.డి. ఏజెంట్లనేవారు. 2001లో పేరు మారినది, బ్రతుకు మారలేదు. ఇ.డి. ఏజెంట్లవి సివిల్ పోస్టులే, వారికి రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ కలదని 1977లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను వీరికి నేటికీ రెగ్యులరు ఉద్యోగుల వేతన శ్రేణి లేదు, చట్టబద్ధమైన పింఛను లేదు. 7వ వేతన సంఘం పరిధిలో వీరిని చేర్చక, కమలేష్ చంద్ర కమిటీ అని వేరే కమిటీ వేశారు. ఆ నివేదిక 2016 నవంబరులో వచ్చినది. ఏడాదిన్నర అది అటక మీద ఉన్నది. 2018 మే నెలలో డాక్ సేవకులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగి బ్రాంచి ఆఫీసులకు తాళాలు వేసిన తరువాతనే, జూన్ 6న కేంద్ర మంత్రివర్గం దానిని అంగీకరించినది. నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాష్టరుకు 12,000 రూపాయలు, ఇతర సేవకులకు 10,000 రూపాయలు మూల భత్యంగా నిర్ణయమైనది. పన్నెండేళ్ళకు, ఇరవై నాలుగేళ్ళకు, ముప్పై ఆరేళ్ళకు ఆర్థిక పెంపుదల అనే అంశం మరల వాయిదా పడి, 2024 మార్చిలో, ఎన్నికల ప్రకటన వెలువడుటకు ముందు, ఆర్భాటంగా ప్రకటితమైనది. ఆ పెంపుదల ఎంత? పన్నెండేళ్ళ సర్వీసుకు సంవత్సరానికి 4,320 రూపాయలు. అనగా నెలకు 360 రూపాయలు!

నాలుగు గంటల ఉద్యోగమని కాగితం మీద వ్రాసి, ఉదయం టపా సంచీ విప్పినది మొదలు సాయంత్రం లెక్క కట్టి అకౌంటు ఆఫీసుకు పంపేవరకు పని చేయిస్తారు. మేళాలకు, ఖాతాల లక్ష్యాలకు, బీమా పాలసీల లక్ష్యాలకు గంటల లెక్క ఉండదు. పర్యటనకు వచ్చిన ప్రతినిధి “మీరు గ్రామానికి కళ్ళూ చెవులూ” అని పొగిడి పోతాడు. ఆ కళ్ళకు, చెవులకు ముదిమిలో ఏమి గతి అని మాత్రం అడుగడు.

ఇంతలో చట్టం కూడ మారినది. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. 2024 జూన్ నుండి అది అమలులోనికి వచ్చినది. ఉత్తరాలు చేరవేయుటలో కేంద్ర ప్రభుత్వానికి పాత చట్టం ఇచ్చిన ప్రత్యేకాధికారం కొత్త చట్టంలో లేదు. లాభం వచ్చే పట్టణాల వీధులను కొరియరు కంపెనీలకు వదలి, లాభం రాని అడవి గ్రామాన్ని తపాలా శాఖకు మిగిల్చి, ఆ తరువాత “శాఖ నష్టాలలో ఉన్నది” అని చెప్పుటకు దారి వేస్తున్నారని మేము ఆరోపిస్తున్నాము. ఆ బిల్లు సభకు వచ్చిన నాడు మన గ్రామీణ నియోజకవర్గాల సభ్యులలో ఎందరు లేచి తమ గ్రామం పేరు చెప్పి మాట్లాడారు?

అర్జీ ఎవరికి, హక్కు ఎవరిది

సాయంత్రం నాలుగు గంటలకు అర్జీల స్వీకరణ. పర్యటనకు ప్రాణం ఇదే. వితంతువు పింఛను కొరకు, రైతు పట్టా కొరకు, నిరుద్యోగి సిఫారసు కొరకు, మన సోదరుడు బదిలీ కొరకు బారులు తీరుతారు. నాయకుడు ప్రతి కాగితం మీద ఒక పొట్టి సంతకం చేసి పక్కవానికి అందిస్తాడు.

ఈ తంతులో ఒక మోసం ఉన్నది. నియమం ప్రకారం రావలసిన దానిని దయగా మార్చుటయే ఆ మోసం. పింఛను వితంతువు హక్కు. ఆ హక్కు ఆఫీసులో ఎందుకు ఆగినది, గుమాస్తా పోస్టు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నది అని ప్రతినిధి అడుగవలెను. అడుగక, “నేను చెప్పి ఇప్పించాను” అనిపించుకొంటే అతనికి ఒక ఓటు మిగులుతుంది. హక్కుగా వచ్చినదానికి కృతజ్ఞత ఉండదు. దయగా వచ్చినదానికి జన్మంతా రుణం ఉంటుంది. అందుకే కొందరు నాయకులకు పనులు సక్రమంగా జరిగే ఆఫీసుల కంటె తమ మాట మీద జరిగే ఆఫీసులే ఇష్టం.

మన ఉద్యోగులకు ఇది మరింత ప్రమాదకరం. సర్వీసు విషయాలలో పై అధికారుల మీద రాజకీయ ఒత్తిడి తెచ్చుటను కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964లోని 20వ నియమం నిషేధిస్తున్నది. బదిలీ కొరకు ఒంటరిగా నాయకుని లేఖ తెచ్చుకొన్న ఉద్యోగి ఒకవైపు నాయకునికి రుణపడతాడు, మరొకవైపు అధికారి చేతికి తన జుట్టు ఇస్తాడు. ఆ లేఖ వలన ఒకనికి వచ్చిన స్థానం వరుసలో ముందున్న మరొకనికి పోయినదన్నది మరువరాదు. సంఘం ద్వారా వ్రాతపూర్వకంగా, అందరికీ వర్తించే విధంగా అడిగిన బదిలీ విధానానికి ఈ దోషం ఏదీ లేదు.

ఇక ఆ సిమెంటు రోడ్డు శంకుస్థాపన, ఆ స్టేషను బెంచీ మీద చెక్కిన పేరు. ఈ సొమ్ము చాలావరకు పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి నుండి వస్తుంది. ఈ పథకం 1993 డిసెంబరులో మొదలైనది. 2011–12 నుండి ఒక్కొక్క సభ్యునికి సంవత్సరానికి 5 కోట్ల రూపాయలు. ఇది సభ్యుని ఆస్తి కాదు, ప్రజల పన్ను. సభ్యుడు సిఫారసు మాత్రమే చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. పదిహేను లక్షల ఓటర్లున్న నియోజకవర్గాన్ని తీసుకొంటే ఈ 5 కోట్లు తలకు సంవత్సరానికి 33 రూపాయలు. ఆ 33 రూపాయలకు రాతి ఫలకం, రిబ్బను, కొబ్బరికాయ, ఉపన్యాసం! ఈ పథకాన్ని నిలిపివేయవలెనని 2002లో రాజ్యాంగ పనితీరు సమీక్షా సంఘం, 2007లో రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం సిఫారసు చేసినవి. శాసనాలు చేసి, ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేయవలసిన సభ్యుడు తానే ఖర్చు పెట్టించేవాడుగా మారితే తనిఖీ చేసేదెవరు అన్నదే ప్రధానమైన ఆక్షేపణ. ఆ సిఫారసులు నేటికీ కాగితాల మీదనే ఉన్నవి.

ఢిల్లీలో గడచిన నిమిషాలు

పల్లెలో పన్నెండు గంటలు శ్రమించిన ప్రతినిధి ఢిల్లీలో ఏమి చేశాడు? మా వాదమంతా ఈ ప్రశ్న మీదనే నిలిచి ఉన్నది.

ప్రతి మంత్రిత్వశాఖ ఖర్చును లోక్‌సభ డిమాండుల రూపంలో ఆమోదించవలెను. చర్చకు నిర్ణయించిన గడువు తీరినప్పుడు మిగిలిన డిమాండులన్నింటిని చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెడతారు. దీనికి ‘గిలెటిన్’ అని పేరు. తల నరికే యంత్రం పేరు! 2018 మార్చిలోను, 2023 మార్చిలోను ఈ కత్తి అన్ని శాఖల మీద పడినది. ఒక్క మంత్రిత్వశాఖ డిమాండు మీద కూడ చర్చ లేకుండానే, పాలక ప్రతిపక్షాల కేకల మధ్య, లక్షల కోట్ల రూపాయల ఖర్చును లోక్‌సభ నిమిషాలలో ఆమోదించినది. రైల్వే డిమాండు అందులోనే ఉన్నది. తపాలా డిమాండు అందులోనే ఉన్నది. మన ఖాళీలు, మన క్వార్టర్ల మరమ్మతులు, మన డాక్ సేవకుల భత్యాలు అందులోనే ఉన్నవి. ఒక హాల్టుకు గంటసేపు ఉపన్యసించగలవారు రైల్వే మొత్తానికి ఒక్క నిమిషం వెచ్చించలేకపోయారు.

1924 నుండి రైల్వేకు ప్రత్యేక బడ్జెటు ఉండెడిది. ఏ మార్గానికి ఎంత, ఏ పనికి ఎంత అని సభ అంతా ఆ ఒక్క రోజు రైల్వే వైపు చూచెడిది. 2017 నుండి దానిని సాధారణ బడ్జెటులో కలిపివేశారు. పాత పద్ధతిలో దోషాలు లేవని మేము అనము. కాని చర్చకు ఉన్న కిటికీ మూసుకొన్నదన్నది నిజం.

పింఛను సంగతి చూడండి. 2003 డిసెంబరులో ఒక నోటిఫికేషను ద్వారా, 2004 జనవరి 1 తరువాత సర్వీసులో చేరిన కేంద్ర ఉద్యోగులకు, సైనిక దళాలను మినహాయించి, పాత పింఛనును తీసివేశారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఒక కూటమి. 2013లో పింఛను నిధి నియంత్రణ చట్టం చేసి దానిని స్థిరపరచినది రెండవ కూటమి. జెండాలు రెండు, సంతకం ఒకటే. ఉద్యోగుల నిరంతర ఆందోళన వలన 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకాన్ని తెచ్చారు. 25 ఏళ్ళు పనిచేసినవానికి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో 50 శాతం ఇస్తామన్నారు. కాని ఉద్యోగి తన జీతంలో 10 శాతం చందా కట్టుచునే ఉండవలెను. పాత పింఛనులో ఈ చందా లేదు.

ఇదే పార్లమెంటు తన మాజీ సభ్యుల పింఛనును నెలకు 25,000 నుండి 31,000 రూపాయలకు పెంచుకొన్నది. 2025 మార్చిలో ప్రకటించి, 2023 ఏప్రిల్ 1 నుండి వర్తింపజేసుకొన్నది. అయిదేళ్ళు దాటిన ప్రతి సంవత్సరానికి నెలకు మరి 2,500 రూపాయలు అదనం. దీనికి చందా లేదు, షేరు మార్కెటు లేదు, 25 ఏళ్ళ సర్వీసు షరతు లేదు. సభ్యులకు పింఛను ఉండరాదని మేము అనుటలేదు. ముసలితనంలో భద్రత అందరికీ కావలెను. తమకు న్యాయమైనది మనకు ఎందుకు భారమైనదో చెప్పమంటున్నాము.

ఒక ఆక్షేపణకు సమాధానము

“పర్యటనలు చేసేవానిని కూడ విమర్శిస్తే, అసలు ఊరి ముఖం చూడనివాడే మేలా?” అని కొందరు మిత్రులు ప్రశ్నిస్తారు. ప్రశ్న సబబైనదే. ప్రజల మధ్యకు వచ్చుట తప్పు కాదు, రాకపోవుట తప్పు. బురదలో నడచి, ఊరి చివరి గుడిసె వరకు పోయి, చూచినదానిని పార్లమెంటులో గట్టిగా వినిపించిన సభ్యులు అన్ని పక్షాలలోను ఉన్నారు. అట్టివారికి మా నమస్కారం. పర్యటన వినుటకు జరిగితే అది ప్రజాస్వామ్యం. చూపించుకొనుటకు జరిగితే అది ఊరేగింపు. ఈ రెంటికి తేడా తెలుసుకొనుట కష్టం కాదు. వినుటకు వచ్చినవాడు తిరిగిపోయిన తరువాత లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తాడు, 377వ నియమం క్రింద విషయం లేవనెత్తుతాడు, స్థాయీ సంఘంలో అధికారులను నిలదీస్తాడు. ఇవన్నియు సభా రికార్డులో అచ్చులో ఉంటవి, ఎవరైనా చూడవచ్చును. ఊరేగింపుకు వచ్చినవాని రికార్డు ఫోటోలలో మాత్రమే ఉంటుంది.

మన కర్తవ్యము

మన చరిత్రలో వచ్చినవేవీ పర్యటనలలో పంచిపెట్టినవి కావు. 1960, 1968 సమ్మెలలో కేంద్ర ఉద్యోగులు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు, జైళ్ళకు పోయారు. 1974 మే 8 నుండి ఇరవై రోజుల పాటు రైల్వే కార్మికులు చక్రం ఆపారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను వీధిలోకి ఈడ్చినా వెనుకకు తగ్గలేదు. ఆ సమ్మెలో ముఖ్యమైన కోరిక అయిన బోనసు 1979లో వచ్చినది. దానికి రిబ్బను కత్తిరించినవారు ఎవరైనా కావచ్చు, వెల చెల్లించినది మాత్రం కార్మికుడు.

కావున మా సూచన ఇది. ఇక ముందు ఏ పార్టీ ప్రతినిధి పర్యటనకు వచ్చినను, మన శాఖల, డివిజనుల సంఘాలు శాలువలతో కాక ఒక ప్రశ్నాపత్రంతో కలవవలెను. ఎవ్వరూ ఒంటరిగా పోరాదు. డ్యూటీలో ఉన్నవారు పోరాదు. వ్యక్తిగత బదిలీ మాట ఎత్తరాదు. సంఘం పేర, సంఘ కార్యదర్శి సంతకంతో, నకలు ఉంచుకొని, ఈ క్రింది ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన జవాబు కోరవలెను:

1. గత సంవత్సరంలో రైల్వే, తపాలా శాఖలను గురించి మీరు సభలో వేసిన ప్రశ్నలు ఎన్ని? అవి ఏవి?

2. మన సెక్షనులో భద్రతకు సంబంధించిన ఖాళీలను భర్తీ చేయవలెనని మీరు స్థాయీ సంఘానికి గాని, మంత్రికి గాని వ్రాసినారా? ఆ లేఖ నకలు ఇవ్వగలరా?

3. గ్రామీణ డాక్ సేవకులను 8వ వేతన సంఘం పరిధిలోనికి తెచ్చుటకు, వారికి సివిల్ ఉద్యోగుల హోదా, పింఛను ఇచ్చుటకు మీరు అనుకూలమా, ప్రతికూలమా?

4. చందా లేని పాత పింఛనును పునరుద్ధరించుటకు మీరు సభలో ఓటు వేయుదురా?

5. వయోవృద్ధుల రాయితీ, 2020లో తీసివేసిన హాల్టులు తిరిగి తెచ్చుటకు మీరు చేసినదేమి?

6. మన శాఖల డిమాండులు చర్చ లేకుండా ఆమోదం పొందిన నాడు మీరు సభలో ఉన్నారా? ఉంటే అభ్యంతరం చెప్పినారా?

జవాబు వచ్చినచో స్టేషనులోను, ఆర్.ఎం.ఎస్. ఆఫీసులోను, హెడ్ పోస్టాఫీసులోను మన సంఘ నోటీసు బోర్డు మీద ఉన్నది ఉన్నట్లుగా అంటించండి. రానిచో “జవాబు రాలేదు” అని తేదీ వేసి అంటించండి. పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు. మరల పర్యటనకు వచ్చినప్పుడు అదే కాగితాన్ని మరల ఇవ్వండి. ఏ పార్టీకి ప్రచారం చేయుట మన పని కాదు, నియమావళి కూడ దానికి ఒప్పుకోదు. మన సేవలను గురించి, మన సర్వీసు షరతులను గురించి సంఘం ద్వారా జవాబు అడుగుట మాత్రం మన హక్కు.

ప్రతి శాఖ తాను ఇచ్చిన ప్రశ్నాపత్రం నకలును, వచ్చిన జవాబును కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. వాటిని నియోజకవర్గాల వారీగా ఈ పత్రికలో ప్రకటిస్తాము. కీమన్ రాత్రి ఎంత దూరం నడిచినాడో బీటు పుస్తకంలో లెక్క ఉంటుంది. బ్రాంచి పోస్టుమాష్టరు ప్రతి పైసాకు రోజూ లెక్క వ్రాస్తాడు. మన ఓటుతో ఢిల్లీకి పోయినవారు కూడ లెక్క చెప్పవలసినదే!

రైల్వే – తపాలా కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!